గట్టు మీది అక్క

భాద్రపద శుద్ధ విదియ

గాలి: తూర్పు, మెల్లగా. నీరు: మామూలు పోటు. ఎండ పలకలు: తుడిచాను. కొక్కేలు: నాలుగూ గట్టిగానే ఉన్నాయి.

కాపు చిట్టాలో రాయాల్సింది ఇంతే. తెప్పకొక చిట్టా, చిట్టాకొక మనిషి. మా తెప్పకి ఆ మనిషిని నేను, మంగతాయారుని. గాలీ నీరూ రాశాక పేజీలో బోలెడు చోటు మిగిలిపోతుంది. ఉత్తినే పోనివ్వడం నాకు చేతకాదు. పై అధికారులు చదువుతారేమో అంటాడు మా ఆయన. చదవనీ. ఇన్నేళ్ళలో ఒక్కడు చదివిన పాపాన పోలేదు.

ఇవాళ గట్టు నుంచి జవాబొచ్చింది. హైమవతి ఒప్పుకోదట.

హైమవతి మా ఆయన నాంచారయ్యకి మొదటి భార్య. తరళని కన్నది ఆవిడే. ఏరు దాటి తెప్ప తగలేశారని సామెత చెబుతారు. ఈవిడ ఆ తెప్ప మీద కన్నకూతురిని కూడా వదిలేసి మరీ దాటింది. గట్టు మీద కొంప ఉన్న ప్రతివాళ్ళూ ఇంటికొక మనిషిని నీళ్ళలో ఉంచాలి. వాళ్ళు తాగే మంచినీళ్ళు, వాళ్ళ దీపాలకి మా ఎండ పలకల కరెంటు, వాళ్ళ పప్పులోకి ఉప్పు, అన్నీ మా తెప్పల మీదనుంచే పోతాయి మరి. ఆ మనిషిని వంతు అంటారు. పన్నెండేళ్ళు ఉప్పునీళ్ళలో నానితే వంతు తీరి గట్టెక్కవచ్చు. లేదా తన బదులు తన ఇంటి మనిషినే ఇంకొకరిని రాయించి ముందే ఎక్కేయవచ్చు. ఐదేళ్ళు నిండితే చాలు, పిల్లనీ మనిషి కిందే లెక్కేస్తారు.

హైమవతికి లెక్కలు బాగా వచ్చు. తన ఇంటి వంతుకి దిగింది, నాంచారయ్యని చేసుకుంది, పిల్లని కన్నది. పిల్లకి ఐదేళ్ళు నిండీ నిండగానే దాని పేరు రాయించి తను చీర దులుపుకుని పైకి పోయింది. ఆ తర్వాతి ఏడు నేనొచ్చాను. ఇప్పుడు దానికి పదకొండు. దాన్ని నా కూతురిగా రాయించుకుంటానని అర్జీ పెట్టాను. కన్నతల్లి బతికుంటే ఆవిడ ఒప్పుకోవాలట.

"కన్నపేగండీ! తెంచుకోమంటే ఎట్టా తెంచుకుంటాను?" అని ఫోను తెర మీద కళ్ళొత్తుకుంది.

పేగట, పేగు! వెనకాల గోడకి పూలకుండీలు. పక్కన బల్ల మీద కోసిన జామకాయ ముక్కలు, మీద ఉప్పూ కారం. ఆ ఉప్పు కూడా మాదే. అసలు సంగతి నాకు తెలియదా? తరళ నా కూతురైన మరుక్షణం ఆవిడ ఇంటికి నీళ్ళలో మనిషి ఉండదు. మనిషి లేకపోతే ఆవిడే మళ్ళీ దిగాలి. పేగూ లేదు, పాడూ లేదు. కాళ్ళు తడుస్తాయని భయం.

భాద్రపద శుద్ధ దశమి

గాలి: ఆగ్నేయం. నీరు: కొంచెం మురికి. పలకలు: తుడిచాను. నాచు పళ్ళాలు రెండు ఎండాయి.

వరుసల అధికారి గున్నేశ్వరరావు పడవేసుకుని వచ్చాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాసే ఉద్యోగం ఆయనది. వస్తూనే చూరుకి కట్టిన ఎండు సావడాయి చేపల వంక చూశాడు. వేయించి పెట్టాను. తిన్నాడు. ఇంకా ఉన్నాయా అన్నాడు. తినడానికి ఉన్న నోరు ఆయనకి చెప్పడానికి ఉండదు.

"తాయారు గారూ, విడుపులో పిల్లని మీ తెప్ప మీద ఉంచుకోడానికి రూలు ఒప్పుకోదండి. మీరు దానికి ఏమీ కారండి."

తుఫానుల నెల వచ్చిందంటే విడుపే, తెప్పలన్నీ కొక్కేలు విడదీసుకుని దేని దారిన అది పోవాలి. కలిసి ఉంటే ఒకదాన్నొకటి కొట్టుకుని చస్తాయి. గాలి సర్దుకున్నాక మళ్ళీ వచ్చి కూడుకుంటాం. మగవాళ్ళలో లంగరు జట్టువాళ్ళు వేరే పడవల్లో పోతారు. మా ఆయన ఆ జట్టే. పిల్లలు తల్లుల దగ్గర. తల్లి నీళ్ళలో లేని పిల్లలు మాత్రం అందరూ ఒకే తెప్ప మీద. దాన్ని వంతు తెప్ప అంటారు. గట్టువాళ్ళకి తమ వంతులు పదిలంగా ఒకచోట ఉన్నాయని చూపించడానికి.

ఎంత పదిలమో పోయిన ఏడు చూశాం. కప్పు మొదటిరోజే లేచిపోయింది. పిల్లలు నడుములకి తాళ్ళు కట్టుకుని స్తంభానికి కరుచుకుని కూర్చున్నారు. తిరిగొచ్చేసరికి రెండు తాళ్ళకి పిల్లలు లేరు. తరళ అరచేతులు తాడు ఒరుసుకుని పచ్చిపుండ్లు. అన్నం నేనే కలిపి పెట్టాను, వేళ్ళు ముడుచుకోలేకపోయేది. ఈ ఏడు మళ్ళీ ఆ తెప్ప మీదకి దాన్ని పంపడం నా ప్రాణం ఉండగా జరగదు.

"కన్నతల్లి ఒప్పుకోకుండా ఇంకో దారి లేదా?" అన్నాను.

"ఉందండి. ఏడాది పొడుగునా ఆవిడ పిల్లతో ఒక్క మాటా మాట్లాడకపోతే వదిలేసినట్టేనండి. అప్పుడు ఆవిడ ఒప్పుదల అక్కర్లేదండి. కానీ మాట్లాడుతోంది కదండీ!"

"ఏం మాట్లాడుతోంది? ఏడాదికోసారి పుట్టినరోజునాడు తెర మీదకొచ్చి 'తిన్నావా?' అంటుంది. ఇది 'ఆ' అంటుంది. తెర ఆరిపోతుంది."

"అది మాటేగా అండీ."

"గుమ్మంలోకొచ్చిన పిల్లినీ అడుగుతామయ్యా తిన్నావా అని. పిల్లికి తల్లినైపోయానా?"

ఆయన నవ్వి, చేతులు కడుక్కుని, వెళ్తూ వెళ్తూ నాలుగు చేపలు ఆకులో చుట్టించుకున్నాడు. చెప్పేవి శ్రీరంగనీతులని ఊరికే అనలేదు పెద్దలు.

పుట్టినరోజు బహుళ పంచమి. ఆ ఒక్కరోజూ ఆ ఒక్క మాటా వినపడకపోతే చాలు.

భాద్రపద బహుళ పంచమి

గాలి: పట్టించుకోలేదు. నీరు: ఉంది. పలకలు: తుడవలేదు.

మొన్నటినుంచే తుడవడం మానేశాను. పలకల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. నిన్న సాయంత్రానికే బ్యాటరీ పడుకుంది. పొద్దున్న తెర నల్లగా, చచ్చినట్టు ఉంది. గట్టు మీద మహారాణి గారు ఎంతసేపు పిలుచుకుంటారో పిలుచుకోనీ అని, నాచు పళ్ళాలు కడుగుతూ కూనిరాగం తీశాను. ఇన్నాళ్ళకి నా బుర్రా పనిచేసిందనుకున్నాను.

తరళ కనపడలేదు. గాలానికి ఎర కోసం పోయిందనుకున్నాను. ఎండెక్కాక తెప్పల మీదుగా గెంతుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"పిన్నీ, ఫోనొచ్చింది!"

"ఎక్కడొచ్చిందే?"

"రాఘవులమ్మ మామ్మ తెప్ప మీద. మన తెర పాడైందని నేనే నిన్న మామ్మ చేత కబురు పెట్టించా, అక్కడికి చెయ్యమని."

రాఘవులమ్మది మా పక్క తెప్ప. గట్టు మీద చీమ చిటుక్కుమన్నా ఆవిడకి కావాలి. నాకు కాళ్ళకింద తెప్ప తిరిగింది.

"ఎందుకెళ్ళావే? ఎవరు వెళ్ళమన్నారు?"

"తిన్నావా అని అడుగుద్దిగా."

"నేనడగట్లేదా? మూడు పూటలా అడుగుతున్నానే, కంచం చేతికిచ్చి మరీ!"

"నువ్వు పెట్టి అడుగుతావు పిన్నీ. ఆవిడ ఊరికే అడుగుద్ది." అది నా మొహంలోకి చూస్తూ, నాకు అర్థం కావాలని నెమ్మదిగా చెప్పింది. "ఊరికే అడిగితే బాగుంటది."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో పళ్ళెం విసిరికొట్టాను. "ఆ ఊరికే అడిగిన మాటకే నువ్వు మళ్ళీ వంతు తెప్ప ఎక్కుతావే! ఆ మాట పడకపోతే నా కూతురివయ్యేదానివి. నీ చేతులతో నువ్వే చెడగొట్టుకున్నావు!"

అనకూడదు. అనేశాను. నోరు నాది, అదుపు లేనిది.

తరళ ఏడవలేదు.  మూలనున్న తాడు తీసుకుని నడుముకి చుట్టుకుని, ముడి వేయడం, విప్పడం, మళ్ళీ వేయడం మొదలుపెట్టింది. గుడ్లు మిటకరించి చూస్తూ కూర్చున్నాను. చివరికి నాకే ఏడుపొచ్చింది. ఆ హైమవతి మూలంగా నా కంట్లో నీళ్ళు రావడం కన్నా అసహ్యం ఇంకేముంటుంది?

పలకలు తుడవనందుకు గున్నేశ్వరరావు కబురంపాడు, సొంత పనికి ఊరి కరెంటు ఆపానని. చిట్టా అయితే చదవరు గానీ కరెంటు తగ్గితే మాత్రం కళ్ళు ఇంతింతవుతాయి.

ఆశ్వయుజ శుద్ధ చవితి

గాలి: ఈశాన్యానికి తిరిగింది. నీరు: అడుగునుంచి లేస్తోంది. పలకలు: తుడిచాను. పౌర్ణమి పోటు అణగగానే విడుపు అని చాటింపు వేశారు.

లంగరు తాళ్ళకి గ్రీజు రాస్తూ నాంచారయ్య నోరు తెరిచాడు. ఆయన నీళ్ళలో పుట్టాడు, నీళ్ళలాగే ఉంటాడు. ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారం. హైమవతి పోతానంటే పొమ్మన్నాడు, నేను వస్తానంటే రమ్మన్నాడు.

"హైమని ఇంకోసారి అడక్కూడదూ?"

"అడుక్కోమంటావా? ఆవిడ్నా?"

"అడుక్కోటమెందుకు. వరసకి నీకు అక్కేగా. మా అమ్మ బతికుంటే పెళ్ళినాడే నీచేత పిలిపించేది."

నీళ్ళలో పుట్టినవాళ్ళకి ఒక ఆచారం ఉంది. రెండో పెళ్ళాంగా వచ్చినది, మొదటామె ఎక్కడున్నా సరే, ముగ్గురు వింటుండగా "అక్కా" అని పిలవాలి. ఆవిడ పలికితే అక్కాచెల్లెళ్ళయినట్టు, ఇద్దరిదీ ఒకే ఇల్లయినట్టు. నా పెళ్ళిలో రాఘవులమ్మ ఈ మాట ఎత్తితే తాళి కట్టించుకుంటూనే కసిరాను. పిల్లని పారేసి పోయినదాన్ని అక్కా అని పిలవాలా? నా నాలుక పుచ్చిపోదూ!

"నీ సలహా నువ్వే నంజుకు తిను," అని లేచి వచ్చేశాను.

వచ్చి కొక్కేలు బిగిస్తున్నాను. బిగిస్తుంటే తట్టింది. అక్కాచెల్లెళ్ళయితే ఒకే ఇల్లు. ఆ ఇంటి మనిషి నీళ్ళలో ఉంటే వంతు ఉన్నట్టే. అది తరళే కానక్కర్లేదు. నేనైనా చాలు.

అక్కడే కూలబడ్డాను. ఎందుకంటే నా వంతు ఈ కార్తీకంతో తీరిపోతోంది. ఈ పెళ్ళికి ఎన్నో ఏళ్ళ ముందే పుట్టింటి తరఫున దిగినదాన్ని. మా అన్నయ్య గట్టు మీద నాకోసం గది అలికించాడు. తరళనీ నాతో తీసుకుపోదామని, ఆయన ఎప్పుడైనా వచ్చిపోతుంటాడులే అని ఎన్ని లెక్కలు వేసుకున్నాను! కదలని నేల మీద చాప వేసుకుని పడుకోవాలని ఉంది నాకు. గోడకి వీపు ఆనిస్తే ఆ గోడ ఊగకూడదు. అంతే నా కోరిక. హైమవతి వంతు నెత్తినేసుకుంటే మళ్ళీ పన్నెండేళ్ళు. అప్పటికి ఈ మోకాళ్ళు గట్టు మెట్లు ఎక్కుతాయా?

గున్నేశ్వరరావుని అడిగాను. ఆయన ఏదో నములుతూనే చెప్పాడు. "వరుస కలిస్తే వంతు చెల్లుతుందండి. రూలుందండి. కానీ ఆవిడ పలకాలండి."

"ఈ రూలు మొన్న చేప తిన్నప్పుడు చెప్పలేకపోయావా?"

"మీరు అడగలేదు కదండీ."

అడగందే అమ్మైనా పెట్టదట. ఈయన అడిగినా పెట్టేలోపు విస్తరి ఎత్తేస్తాడు.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

గాలి: ఈశాన్యం, ఈలవేస్తోంది. నీరు: నల్లగా. పలకలు: రెండుసార్లు తుడిచాను, తెర ఆరిపోకూడదని.

వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. నేనెంత? పొద్దున్న తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని తెర ముందు కూర్చున్నాను. సాక్షులు ముగ్గురు. నాంచారయ్య, రాఘవులమ్మ, గున్నేశ్వరరావు. తరళని గాలాలు సర్దమని అవతలికి పంపాను. నేను ఆవిడ కాళ్ళ మీద పడటం అది చూడకూడదు.

హైమవతి తెర మీదకొచ్చింది. మెడలో పూసల దండ, పట్టులాంటి చీర. ముందే కబురందింది కాబట్టి ముస్తాబై కూర్చుంది.

"అక్కా," అన్నాను.

"ఆఁ? ఏంటో గాలిచప్పుడు. వినపడలా."

వినపడింది. పెదవి చివర నవ్వు నాకు కనపడింది.

"అక్కా!"

"పోట్లాటకొచ్చినట్టు అరుస్తావేంటి? కాస్త ప్రేమగా అనొచ్చుగా."

రాఘవులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాంచారయ్య నేలచూపులు చూస్తున్నాడు. ఈ మనిషి ఇద్దరు పెళ్ళాలకీ ఎందుకూ పనికిరాలేదు. నేను చేతులు జోడించాను. "అక్కా, నీ వంతు నేను మోస్తాను. మన ఇంటి మనిషిగా నీళ్ళలో నేనుంటాను. పిల్లని నాకియ్యి."

హైమవతి నావైపు చూడలేదు. గున్నేశ్వరరావుని అడిగింది. "ఇంక నన్ను దిగమని ఎవరూ అడగరుగా?"

"అడగరండి. చెల్లెలు గారున్నారు కదండీ."

"రాసిస్తారా?"

"రాసిస్తానండి."

"అయితే పలుకుతున్నా. ఏం చెల్లీ, బాగున్నావా?"

అయిపోయింది. కన్నపేగు అంతసేపట్లో తెగింది. పిల్ల ఎలా ఉందని అడగలేదు, ఎక్కడుందని అడగలేదు, ఒకసారి పిలవండి చూస్తానని అనలేదు. నా పన్నెండేళ్ళు ఎత్తుకుపోయి, ఒప్పుదల మీద ఒక్క వేలిముద్ర వేసి, దండ సర్దుకుంది. ఇలాంటిదాని ముందా నేను చేతులు జోడించింది? అవును, ఇలాంటిదాని ముందే. జోడించి తెచ్చుకున్నాను. ఛీ అనాలని ఉన్నా, అనకుండా తెచ్చుకున్నాను.

తెర ఆర్పాక తరళని పిలిచి చెప్పాను, ఇంక వంతు తెప్ప లేదని, విడుపులో నా దగ్గరే అని, ఎవరిని ఏమని పిలిచి ఎలా తెచ్చానో కూడా. రాఘవులమ్మ చెప్పేలోపు నేనే చెప్పడం మేలు.

అది అంతా విని, "మరి గట్టు మీద మామయ్య గది?" అంది.

"ఎలకలు పడుకుంటాయిలే," అన్నాను.

అది గభాల్న వచ్చి నా నడుము పట్టుకుని మొహం పొట్టలో దాచుకుంది. ఇంత పొడుగు పిల్ల, ఎముకలు గుచ్చుకుంటున్నాయి. వదలమని అనలేదు. పిలుపేమీ మార్చలేదు అది. పిన్నీ అనే అంటోంది. మార్చమని నేను అడగలేదు. పిలుపులు అడుక్కోవడం నాకు ఈ ఒక్కరోజుకి చాలు.

ఆశ్వయుజ బహుళ పాడ్యమి

గాలి: ఈశాన్యం, గట్టిగా. నీరు: తెప్ప కిందనుంచి తంతోంది. పలకలు: విప్పి అడుగున పెట్టాం. బ్యాటరీ ఇంకొంచెం ఉంది.

విడుపు మొదలైంది. ముందు బయటి వరుస తెప్పలు పోయాయి. వంతు తెప్ప మా పక్కనుంచే జారుకుంటూ వెళ్ళింది. పిల్లలు తాళ్ళు కట్టుకుని స్తంభం చుట్టూ కూర్చున్నారు. తరళ వాళ్ళకి చెయ్యి ఊపింది. ఒక్క పిల్ల కూడా తిరిగి ఊపలేదు. వాళ్ళ తల్లులు ఈపాటికి కిటికీలు మూసుకుని ఉల్లిపాయ పకోడీ వేసుకుంటుంటారు. ఆ నూనెలో వాన పడ!

నాంచారయ్య లంగరు పడవ ఎక్కుతూ తరళ తల నిమిరి, నాతో ఏదో అనబోయి, చివరికి "కొక్కేలు జాగ్రత్త," అన్నాడు. పెళ్ళాం కూతురూ తుఫానులోకి పోతుంటే ఆయనకి దొరికిన మాట అది. అయినా కళ్ళు ఎర్రగా ఉన్నాయిలే పాపం.

నా నడుముకీ తరళ నడుముకీ ఒకే తాడు కట్టాను. ఇంక రెండు కొక్కేలు విప్పాలనగా తెర మోగింది.

హైమవతి. పూసల దండ లేదు. జుట్టు ముడి ఊడి ఉంది. పుట్టినరోజూ కాదు, పండగా కాదు. మా తెర మీదకి ఆవిడ ఇలా ఊరికే రావడం ఇదే మొదలు.

"తుఫాను బొమ్మ చూపించారు... ఇంత ఉంది," అని చేతులతో చూపించబోయి మానేసింది. నన్ను దాటి వెనక్కి చూసింది. "తరళా! భయమేస్తోందా?"

నా నోట్లో నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్నాళ్ళు నూరి పెట్టుకున్నవి. వంతు తెప్ప మీద కప్పు లేచిపోయిన రోజున ఏ గాడిదలు కాస్తున్నావని మొదటిది. తరళ నా భుజం పక్కనుంచి తల పెట్టి తెరలోకి చూసింది. కోపం లేదు, వెటకారం లేదు. ఎదుటివాళ్ళు వరసకి ఏమవుతారో అదే పిలవడం దానికి అలవాటు, రాఘవులమ్మని మామ్మా అన్నట్టే.

"లేదు పెద్దమ్మా," అంది. "పిన్ని ఉందిగా."

హైమవతి వెనక్కి తిరిగి చూసింది, ఆ గదిలో ఇంకెవరినో పిలిచారన్నట్టు. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ తెరవైపు తిరిగేసరికి ఆవిడకి అర్థమైంది.  చేత్తో గొంతు దగ్గర లేని దండని తడుముకుంది.

"ఉంటే... ఉంటే సరేలేమ్మా," అంది.

తరళ అప్పటికే కొక్కెం దగ్గరికి పోతోంది. తాడు నా నడుముని లాగుతోంది. తెర మీద ఆవిడ అలాగే కూర్చుని ఉంది, ఆర్పడం మరిచిపోయి. ఈ మొహం ఇలా ఒక్కసారి చూడాలని ఎన్నేళ్ళు మొక్కుకున్నాను! చూశాను. సంతోషం రాలేదు. నూరి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నాలుక మీదకి రాలేదు.

"ఉంటానక్కా," అన్నాను. 

తెర నేనే ఆర్పి, వెళ్ళి కొక్కెం రెండో చివర పట్టుకున్నాను.